నోటుబుక్కులో మిగిలేదే తవ్వకం

సికింద్రాబాద్ 1806లో సికందర్ జా పేరుతో వెలిసిన కంటోన్మెంటు ఊరు. చరిత్ర అంటే ఆ తేదీ నుంచే అనుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువ. కానీ బోయిన్‌పల్లి దాటి హస్మత్‌పేట వైపు వెళ్లినా, తూర్పున మౌలాలీ గుట్ట పరిసరాలు చూసినా, కంటోన్మెంటుకు రెండు వేల ఏళ్లకు పైగా ముందు ఇక్కడ బతికిన మనుషుల ఆనవాళ్లు ఉన్నాయి. వాళ్లు చనిపోయిన తమవారి కోసం నేలలో గొయ్యి తీశారు. అందులో గ్రానైటు పలకలు నిలబెట్టి చిన్న గదిలా కట్టారు. ఎముకలతో పాటు నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంచి, పైన మరో పలక కప్పి, రాళ్లు పోసి, చుట్టూ గుండ్లను వలయంగా పేర్చారు. గ్రామాల్లో వీటిని రాక్షస గుళ్లు అంటారు, పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అని రాస్తారు. ఇంత బరువు రాళ్లు మోయడం మామూలు మనుషుల వల్ల కాదన్న ఆశ్చర్యం గ్రామస్తులు పెట్టిన ఆ పేరులోనే ఉంది. ఈ సమాధుల్లో చాలావాటిని నూరేళ్ల క్రితమే తవ్వేశారు. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు ఇళ్ల కింద, రోడ్ల కింద ఉంది. తవ్వినవాటి గురించి మనకేం తెలుసు, ఎంత తెలుసు అన్నది పూర్తిగా ఒకే విషయం మీద ఆధారపడింది: తవ్వినవాళ్లు ఏం రాసిపెట్టారు, ఏం రాయలేదు. పురావస్తు శాస్త్రం చదివే విద్యార్థికి క్షేత్రంలో ఏం నేర్పాలి అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నా వాదన ముందే చెబుతాను. క్షేత్ర శిక్షణకు వెళ్లిన విద్యార్థి ఎంత లోతు తవ్వాడు, అతని ట్రెంచిలో ఏం దొరికింది అన్నవి కొలతలు కావు. ఆ విద్యార్థి రాసి వదిలిన రికార్డు చూసి మరో తరం వాళ్లు అతని తీర్పును పరీక్షించగలరా, అవసరమైతే కొట్టివేయగలరా అన్నదే కొలత. రసాయన శాస్త్రంలో ప్రయోగం తప్పితే మళ్లీ చేయవచ్చు. తవ్వకం అలాంటిది కాదు. ఒక పొరను ఎత్తేసిన తర్వాత ఆ పొర ఇక లేదు. దాని రంగు, తేమ, గట్టిదనం, అందులో ఏ కుండపెంకు ఏ రాయికి ఎంత దూరంలో పడి ఉందన్న సంగతి, ఇవన్నీ గంపలోకెత్తిన మట్టితో పాటు పోతాయి. వస్తువు మ్యూజియంలో భద్రంగా ఉండవచ్చు, కానీ అది ఎక్కడిదో, దేనితో కలిసి ఉందో తెలియకపోతే శాస్త్రానికి అది మూగది. కాబట్టి తవ్వే చేతికి కాక రాసే చేతికే ముందు శిక్షణ కావాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఇది తలకిందులుగా జరుగుతోందన్నదే నా బాధ. విద్యార్థి తవ్వకానికి వెళ్లి వచ్చాక స్నేహితులు అడిగే మొదటి ప్రశ్న "ఏం దొరికింది?" అనే. పరీక్షలో అడిగే ప్రశ్న కూడా చాలాసార్లు అదే.

ఈ ప్రాంతానికి రికార్డు విషయంలో గొప్ప ఆరంభమే ఉంది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1850ల్లో షోరాపూర్ ప్రాంతంలో (ఇప్పుడది కర్ణాటకలో యాద్గీర్ జిల్లా) ఇలాంటి సమాధులు తెరిపించాడు. ఆ కాలంలో ఇంగ్లండులో కూడా చాలామంది సమాధుల్లోంచి కుండలు, కత్తులు బయటికి లాగి అలమరాల్లో పెట్టుకుంటున్నారు. టేలర్ మాత్రం సమాధిని నిలువుగా కోసినట్టు బొమ్మ గీశాడు. పై రాళ్లు ఎక్కడ, పలకలు ఎక్కడ, ఎముకలు ఎంత లోతున, కుండలు ఏ మట్టిలో అన్నవి ఆ బొమ్మలో కనిపిస్తాయి. సుమారు వందేళ్ల తర్వాత మార్టిమర్ వీలర్ తన తవ్వకాల పద్ధతి పుస్తకంలో టేలర్ బొమ్మలను వాటి కాలం కన్నా ముందున్న పనిగా మెచ్చుకున్నాడు. వీలర్ సులభంగా ఎవరినీ మెచ్చే మనిషి కాదు. టేలర్‌కు బడి లేదు, గురువు లేడు, పురావస్తు శాస్త్రంలో తాను గీసిన బొమ్మే అతనికి మిగిలిన కీర్తి. అతను తీసిన కుండలు ఎన్నో, ఎలాంటివో ఈరోజు ఎవరికీ పెద్దగా పట్టదు.

తర్వాత 1914లో నిజాం ప్రభుత్వం గులాం యజ్దానీ నాయకత్వంలో పురావస్తు శాఖను ఏర్పాటు చేసింది. ఆ తరంలో హైదరాబాద్ చుట్టుపక్కల సమాధులను శ్రద్ధగా పరిశీలించినవాళ్లలో ఇ.హెచ్. హంట్ ఒకడు. మౌలాలీ, రాయగిరి వంటి చోట్ల పనిచేసి, హైదరాబాద్ సమాధుల మీద 1924లో లండన్ రాయల్ ఆంత్రొపొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. అతన్ని తప్పుపట్టడం అన్యాయం, తన కాలానికి జాగ్రత్తపరుడే. కానీ బొగ్గు ముక్కలో కార్బన్-14 కొలిచి వయసు చెప్పే పద్ధతిని విల్లర్డ్ లిబీ బృందం కనిపెట్టింది 1949లో. మట్టిరేణువులు చివరిసారి ఎప్పుడు వెలుతురు చూశాయో కొలిచే పద్ధతి ఇంకా తర్వాతిది. ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీయవచ్చన్న ఊహ కూడా అప్పుడు లేదు. 1924 నాటి మనిషి బొగ్గును పొట్లం కట్టి దాచలేదంటే అది అతని లోపం కాదు. విద్యార్థికి ఇందులో ఉన్న పాఠం మాత్రం గట్టిది. ఈరోజు మనకు పనికిరాదనిపించి పారబోసే మట్టిలో రేపటి పద్ధతికి కావలసిన సాక్ష్యం ఉండవచ్చు. అందుకే తవ్వే చోట కొంత భాగాన్ని తవ్వకుండా వదలాలన్న నియమం పుట్టింది. అందుకే ఏది తీశామో మాత్రమే కాక ఏది వదిలామో, ఎందుకు వదిలామో కూడా రాయాలి.

మన దేశంలో క్షేత్ర శిక్షణకు ఒక రూపం వచ్చింది 1944లో. అప్పుడే భారత పురావస్తు సర్వేక్షణకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన వీలర్ తక్షశిలలో శిక్షణ శిబిరం తెరిచాడు. దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చారు. తర్వాతి కాలంలో సర్వేక్షణకు అధిపతులైన బి.బి. లాల్, బి.కె. థాపర్ అక్కడ నేర్చుకున్నవాళ్లే. నేలను చదరాలుగా విభజించడం, చదరానికీ చదరానికీ మధ్య తవ్వకుండా మట్టిగోడ వదలడం, ఆ గోడ ముఖాన్ని నున్నగా చెక్కి పొరల గీతలు గుర్తించడం, పొర పొరకూ నంబరిచ్చి చీటీ గుచ్చడం వాళ్లకు అక్కడ అలవాటైంది. ఆ గోడను తవ్వకాల్లో బాల్క్ అంటారు, దాని ముఖాన్ని సెక్షన్ అంటారు. ట్రెంచి అంతా తవ్వేశాక కూడా నాలుగు వైపులా సెక్షన్లు నిలబడి ఉంటాయి కాబట్టి, తీసేసిన మట్టికి అవే చివరి సాక్షులు. ఈ పద్ధతిని తర్వాత చాలామంది విమర్శించారు. గోడల మధ్య చిన్న గదుల్లో తవ్వితే ఇంటి పునాది పూర్తిగా ఒకేసారి కనిపించదన్నది న్యాయమైన విమర్శే. విశాలంగా తెరిచి తవ్వే పద్ధతులు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. కానీ కొత్త విద్యార్థికి సెక్షన్ ముందు కూర్చుని గీతలు వెతకడాన్ని మించిన మొదటి పాఠం ఇంకా దొరకలేదు.

ఆ పాఠం విద్యార్థికి ఎలా ఎక్కుతుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే క్లాసురూములో ఎంత చెప్పినా ఎక్కనిది ఇదే. పుస్తకంలో పొరలు రంగుపెన్సిళ్లతో గీసినంత స్పష్టంగా ఉంటాయి. నిజమైన సెక్షన్ మొదటి రోజు ఒకే గోధుమరంగు గోడలా కనిపిస్తుంది. నీళ్లు చిలకరిస్తే ఒకచోట తొందరగా ఇంకుతుంది, మరోచోట నిలుస్తుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో కనిపించే గీత మధ్యాహ్నం మాయమవుతుంది. తాపీ మొనతో గీరితే ఇసుక ఎక్కువున్న మట్టి ఒకలా, బంకమట్టి ఒకలా, బూడిద కలిసింది ఒకలా పలుకుతుంది. సికింద్రాబాద్ చుట్టుపక్కల నేలలో అయితే కింద మొరం ఉంటుంది, గ్రానైటు చివికి ఏర్పడిన ఎర్రటి గరుకు నేల అది. మనుషులు కదిలించిన మొరం, కదిలించని మొరం పక్కపక్కనే ఉన్నప్పుడు తేడా కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. సమాధి కోసం తీసి మళ్లీ నింపిన గొయ్యి అంచు పట్టుకోవడమంటే ఆ తేడాను పట్టుకోవడమే. రెండు మూడు వారాలు అలా గడిపాక గోడ విద్యార్థితో మాట్లాడటం మొదలుపెడుతుంది. అంతవరకూ ఓపిక పట్టించడమే ఉపాధ్యాయుడి పని.

అన్నిటికన్నా కష్టమైన పాఠం గొయ్యి. కింద ఉన్నది పాతది, పైనున్నది కొత్తది అన్న సూత్రం ఎవరికైనా ఒక నిమిషంలో అర్థమవుతుంది. ఆ సూత్రాన్ని గుడ్డిగా నమ్మిన విద్యార్థి మొదటి గొయ్యి దగ్గరే బోల్తా పడతాడు. కరీంనగర్ ప్రాంతంలో 1960ల చివరి నుంచి 1970ల్లో వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్విన పెద్దబంకూరును తీసుకోండి. అక్కడ శాతవాహన కాలపు బావులు బయటపడ్డాయి, వాటిలో కాల్చిన మట్టి వరలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టినవీ ఉన్నాయి. అలాంటి బావి పై నేల నుంచి మొదలై పాత పొరలన్నిటినీ కోసుకుంటూ కిందికి దిగుతుంది. బావి అడుగున ఒక నాణెం దొరికితే, దానికి జానెడు దూరంలో అదే లోతున ఉన్న కుండపెంకు వందల ఏళ్లు పాతది కావచ్చు. లోతు మాత్రమే రాసుకున్న విద్యార్థి ఈ రెండింటినీ ఒకే కాలానికి కడతాడు. వర అంచు ఎక్కడ మొదలైంది, ఏ పొర దాన్ని కప్పింది, ఏ పొరను అది కోసింది అని రాసుకున్న విద్యార్థి కట్టడు. మీటర్ల లెక్కకూ పొరల లెక్కకూ ఉన్న ఈ తేడా ఒక్కటి వంటబట్టినా ఆ శిబిరానికి పెట్టిన ఖర్చు గిట్టినట్టే.

రికార్డు అంటే వినయానికి మరో పేరు కాదు, శాస్త్రం ముందుకు నడిచే దారి అదే. దీనికి మంచి ఉదాహరణ కర్ణాటకలోని బ్రహ్మగిరి. వీలర్ 1947లో అక్కడ తవ్వాడు. కింద రాతిగొడ్డళ్ల సంస్కృతి, దాని పైన బృహత్ శిలా సమాధుల సంస్కృతి, దాని పైన ఆంధ్ర సంస్కృతి అని మూడు దశలు చూపించాడు. రోమన్ వ్యాపారంతో ముడిపడిన పాత్రల ఆధారంగా పై దశకు తేదీ కట్టి, అక్కడి నుంచి కిందికి లెక్కవేసుకుంటూ పోయాడు. బృహత్ శిలా దశ మొదలైంది సుమారు క్రీ.పూ. 200లో అన్నాడు. ఆ తేదీ తప్పు, అదీ పెద్ద తప్పు. దక్షిణాదిలో ఆ సంస్కృతి క్రీ.పూ. రెండో సహస్రాబ్ది చివరికి వెళుతుందని కార్బన్ తేదీలు తర్వాత తేల్చాయి. అయినా బ్రహ్మగిరి ఈరోజుకీ పనికివచ్చే తవ్వకం. ఎందుకంటే వీలర్ తవ్విన మరుసటి ఏడాదికే సెక్షన్లతో, పాత్రల బొమ్మలతో సర్వేక్షణ పత్రికలో నివేదిక అచ్చు వేయించాడు. కాథ్లీన్ మోరిసన్ వంటి పరిశోధకులు అర్ధ శతాబ్దం తర్వాత బ్రహ్మగిరి క్రమాన్ని తిరిగి పరిశీలించగలిగారంటే కారణం ఆ నివేదికే. తేదీ తప్పినా తవ్వకం నిలిచింది. రికార్డు లేని చోట తేదీ సరైనదే అయినా దాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

మహబూబ్‌నగర్ ప్రాంతంలో మఖ్తల్ దగ్గరి ఉట్నూరు ఇంకో ఉదాహరణ. ఆదిలాబాద్ ఉట్నూరుతో దీన్ని కలపకూడదు. ఇక్కడున్నది బూడిద దిబ్బ. దక్కనులో ఇలాంటివి చాలా ఉన్నాయి. వీటిని రాక్షసుల ఎముకలు కాలిన బూడిద అన్నవాళ్లున్నారు, ఇనుము కరిగించిన చిట్టెం అన్నవాళ్లున్నారు. పాతరాతియుగ పరిశోధనకు మన దేశంలో ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని పశువుల దొడ్లతో ముడిపెట్టాడు. 1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను పొర పొరగా తెరిచాడు. కర్రలు పాతిన గుంటల వరుసలు దొడ్డి చుట్టూ కట్టిన కంచెను చూపించాయి. పేడ పేరుకుని, కాలి, మళ్లీ పేరుకున్న వరుస కనిపించింది. ఒకచోట పశువుల డెక్కల ముద్రలే పొరలో మిగిలి ఉన్నాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నాటి మందలవి. డెక్క ముద్ర మ్యూజియంలో పెట్టగల వస్తువు కాదు. వేలం పాటలో దానికి పైసా రాదు. తొందరపడి పార వేస్తే మరుక్షణం మాయమయ్యేది. పొరను పొరగా, ఓపికగా విప్పే క్రమశిక్షణ ఉండబట్టే అది కనబడింది, ఒక పెద్ద వాదాన్ని తేల్చింది. ఆల్చిన్ నివేదిక 1961లో హైదరాబాద్ నుంచే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రచురణగా వచ్చింది. తవ్విన నాలుగేళ్లకు పుస్తకం. మన విద్యార్థులకు చూపించాల్సిన నమూనా ఇది.

చూపించాల్సిన హెచ్చరిక కూడా మన దగ్గరే ఉంది. నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోయే లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సర్వేక్షణ తవ్వింది. పాతరాతియుగం నుంచి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా, మధ్యయుగం దాకా ఆ లోయలో మనిషి గడిపిన కాలమంతా అక్కడ పొరల్లో ఉంది. అంత పెద్ద ఎత్తున, అంత గడువు ఒత్తిడిలో తవ్వకం జరగడం మన దేశంలో అరుదు. ఎన్నో కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి కట్టారు. ఆ శ్రమను తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ నివేదిక మొదటి సంపుటం వచ్చింది 1975లో. చారిత్రక యుగం మీద రెండో సంపుటం వచ్చింది 2006లో. తవ్వకం ముగిసిన 46 ఏళ్లకు! ఈలోగా తవ్వినవాళ్లలో ఎందరో రిటైరయ్యారు, కొందరు వెళ్లిపోయారు. వాళ్లు రాయకుండా జ్ఞాపకంలో ఉంచుకున్నది వాళ్లతోనే పోయింది. వెళ్లి మరోసారి చూద్దామంటే లోయ నీళ్ల కింద ఉంది. పుణె దక్కన్ కాలేజీ వాళ్లు తమ విద్యార్థులతో కలిసి 1968 నుంచి 1983 దాకా తవ్విన ఇనాంగావ్ నివేదిక 1988లో వచ్చింది. రెంటికీ ఉన్న తేడాకు కారణాలు చాలా ఉండవచ్చు. విద్యార్థులను రాతపనిలో మొదటి నుంచీ భాగస్వాములను చేసిన సంస్థకు నివేదిక రాసే చేతులు ఎక్కువుంటాయన్నది వాటిలో ఒకటని నా నమ్మకం.

ఇక అభ్యంతరాలు. మొదటిది, చాలామంది ఉపాధ్యాయులు నిజాయితీగానే చెప్పేది: వస్తువు దొరికినప్పటి ఉత్సాహమే విద్యార్థిని ఈ రంగంలో నిలబెడుతుంది, రాతపని మీద అంత ఒత్తిడి పెడితే పారిపోతారు అని. ఉత్సాహం నిజమే, దాన్ని చులకన చేయకూడదు. వేల ఏళ్ల క్రితం మరొకరి చేతిలో ఉన్నది ఇప్పుడు తన అరచేతిలోకి వచ్చినప్పుడు కలిగే పులకరింత ఎవరికైనా ఉంటుంది. కానీ ఒక సీజనులో ఒక ట్రెంచిలో చెప్పుకోదగ్గ వస్తువు దొరకడం అదృష్టం. పది ట్రెంచిల్లో ఏడింటివాళ్లకు కుండపెంకులే దొరుకుతాయి. శిక్షణను అదృష్టానికి వదిలేస్తే, ఏమీ దొరకని విద్యార్థి తాను ఓడిపోయాననుకుని ఇంటికి పోతాడు. పాటరీ యార్డులో కడిగి ఆరబెట్టిన పెంకులను పొరల వారీగా పరిచి, ఏ పొర నుంచి నలుపు ఎరుపు పాత్రలు తగ్గుతున్నాయో, ఏ పొరలో కొత్త అంచుల కుండలు వస్తున్నాయో తానే లెక్కగట్టి కనిపెట్టిన విద్యార్థికి ఉత్సాహం అదృష్టంతో పని లేకుండా ప్రతి సాయంత్రం దొరుకుతుంది. ఉపాధ్యాయుడు ఆ ఆనందం రుచి చూపించకపోవడం వల్లే విద్యార్థి బంగారం కోసం ఎదురుచూస్తాడు.

రెండో అభ్యంతరం కొత్తది. డ్రోన్లు, టోటల్ స్టేషన్, ఫోటోలను కలిపి త్రిమితీయ నమూనా చేసే సాఫ్ట్‌వేర్ వచ్చాక చేత్తో సెక్షన్ గీయించడం కాలం చెల్లిన చాదస్తం కాదా? ఆ పరికరాలు కావాలి, ప్రతి విద్యార్థికీ నేర్పాలి. వాటి వేగం, కచ్చితత్వం చేతికి రావు. అయితే కెమెరా గోడ మీద ఉన్నదంతా తీసుకుంటుంది, ఏ గీత పొర సరిహద్దో నిర్ణయించదు. పెన్సిలు పట్టుకున్న విద్యార్థి మాత్రం ప్రతి పది సెంటీమీటర్లకు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు: గీత ఇటు పోతుందా, అటు పోతుందా, ఇక్కడ ఎలుక బొరియ ఉందా, అసలు ఇక్కడ గీత ఉందా? తెలియని చోట చుక్కల గీత గీసి "సందేహం" అని రాయడం నేర్చుకోవాలి. ఆ సందేహమే తర్వాత వచ్చేవాళ్లకు అసలైన కానుక. చేత్తో గీసిన బొమ్మ, ఫోటో రెండూ ఉంటే విద్యార్థి ఏం చూశాడో, ఏం అనుకున్నాడో విడివిడిగా తెలుస్తుంది.

మూడో విషయం అభ్యంతరం కన్నా లోతైనది, మన క్షేత్ర శిక్షణలో ఉన్న సామాజిక గీత అది. అమెరికాలో ఫీల్డ్ స్కూలుకు విద్యార్థి ఫీజు కట్టి చేరి తానే పార పడతాడు. మన దగ్గర తవ్వేది కూలీలు, రాసుకునేది విద్యార్థులు. వీలర్ కూడా ఇదే శ్రేణిని స్థిరపరిచాడు. ఫలితంగా మట్టి తెలిసిన చేతి దగ్గర నోటుబుక్కు లేదు, నోటుబుక్కు ఉన్న చేతికి మట్టి తెలియదు. మన ప్రాంతాల్లో తరతరాలుగా రాయి, మట్టి పనిచేసిన వడ్డెరలు, వ్యవసాయ కూలీలు పార దిగిన చప్పుడుతోనే కింద గట్టినేల ఉందా, నింపిన గొయ్యి ఉందా చెప్పగలరు. వాళ్ల ఆ తీర్పు ఏ నివేదికలోనూ కనిపించదు. పెట్రా, చాతల్‌హోయుక్ తవ్వకాల్లో పనిచేసిన స్థానిక కూలీలను అధ్యయనం చేసి 2021లో పుస్తకం రాసిన ఆలిసన్ మికెల్ ఒక చేదు నిజం చూపించింది. తమకు తెలిసినదాన్ని బయటపెట్టడం వల్ల లాభం లేదని, ఏమీ తెలియనట్టు ఉంటేనే పని దొరుకుతుందని అక్కడి కూలీలు గ్రహించారు. సర్వేక్షణ తవ్వకాల మీద ఆశిష్ అవికుంఠక్ రాసిన పుస్తకం కూడా మన దేశంలో ట్రెంచిలోని అంతస్తులను కళ్లకు కడుతుంది. విద్యార్థి పార పట్టడం అతనికి చిన్నతనం అనుకునే ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. వాళ్లకు నా సమాధానం ఒకటే: పొర మారిన క్షణాన్ని తన మణికట్టుతో గుర్తించని విద్యార్థి రాసిన పొర నంబరు నమ్మదగ్గది కాదు. కూలీ ఏం గమనించిందో ఆమె పేరుతో సహా నోటుబుక్కులో రాయాలన్న నియమం ఖర్చులేనిది. దాన్ని రేపటి శిబిరం నుంచే పెట్టవచ్చు.

చివరి అభ్యంతరం సికింద్రాబాద్‌ను చూసి ఎవరైనా అడిగేదే. ఇక్కడ ఏం మిగిలిందని శిక్షణ? అనుమతులు ఎక్కడివి? నిజమే, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత ప్రదేశాల బయట తవ్వాలన్నా రాష్ట్ర ప్రభుత్వానికి సైతం కేంద్రం ఆమోదం కావాలి. ఆ కట్టడి మంచిదే. కానీ క్షేత్ర శిక్షణ అంటే తవ్వకమే అన్న అపోహ వల్ల మన విద్యార్థులు అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. తవ్వకుండా చేయగలిగింది కొండంత ఉంది. రాష్ట్ర రక్షిత స్థలమైన హస్మత్‌పేటలో మిగిలిన రాతి వలయాల కొలతలు, రాళ్ల సంఖ్య, దిశ, పక్కవలయంతో దూరం, పాత చెరువుతో దూరం శాఖ అనుమతితో ఏ రాయినీ కదపకుండా నమోదు చేయవచ్చు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయంటే కారణం పలుగు కాదు, కె.పి. రావు వంటివారు ఏళ్ల తరబడి చేసిన కొలతలు, పరిశీలన. అక్కడి రాతి మీద గుంటల్లో సప్తర్షి మండలం ఉందన్న ప్రతిపాదన విద్యార్థులకు మంచి పరీక్ష కూడా. గుంటలు ఎక్కువున్న చోట ఏదో ఒక ఆకారం యాదృచ్ఛికంగా కుదరవచ్చు కదా, అన్నీ కొలిస్తే కూడా ఆ వాదన నిలుస్తుందా అని వాళ్లే తేల్చాలి. ఇక సెక్షన్ చదవడానికి తవ్వకమే అక్కర్లేదు. వాగులు, క్వారీలు, పునాది గోతులు రోజూ సెక్షన్లు తెరుస్తున్నాయి. 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద, దాని కిందా పైనా రాతి పనిముట్లు కనబడిన నంద్యాల ప్రాంతపు జ్వాలాపురంలో ఆ బూడిదను స్థానికులు పరిశోధకులు రాకముందే తవ్వి తీసుకుంటున్నారు. మునిగిపోయిన, కట్టడాల కింద పోయిన చోట్లకు పాత సర్వే పటాలు, 1960ల నాటి అమెరికా నిఘా ఉపగ్రహాల చిత్రాలు, హంట్ వ్యాసం, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని వస్తువులు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపి మౌలాలీ, బోయిన్‌పల్లి సమాధులు ఎక్కడెక్కడ ఉండేవో పటం గీయడం ఒక ఏడాది తరగతికి సరిపడే నిజమైన పరిశోధన.

తవ్వకం చేయించకుండా ఉండాలని నేను అనడం లేదు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పదుల టన్నుల పైపలకను క్రేన్‌తో ఎత్తినప్పుడు, ఆ సమాధి నిర్మాణం చేసినవాళ్ల సామర్థ్యం ఏ కొలతలోనూ రానంతగా కంటికి తెలిసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే సమాధి తవ్వి, తరగతిగదికీ ట్రెంచికీ మధ్య దూరం లేకుండా చేసింది. అలాంటివి ఇంకా జరగాలి. అయితే వాటికి వెళ్లే విద్యార్థి ముందుగా ఒక వాగు గట్టున సెక్షన్ గీసి, ఒక రాతి వలయం కొలిచి, ఒక మ్యూజియం బీరువాలో వందేళ్ల నాటి కుండను దాని చీటీతో పోల్చి చూసినవాడై ఉండాలి.

పురావస్తు శాస్త్రం బోధించే మన విభాగాలకు నా విన్నపం ఇది. క్షేత్ర శిక్షణ మార్కుల్లో సగానికి తగ్గకుండా విద్యార్థి నోటుబుక్కుకే ఇవ్వండి. దాన్ని మరో విద్యార్థి చేత చదివించి, కేవలం ఆ పుస్తకం ఆధారంగా ట్రెంచిని తిరిగి గీయగలరా అని పరీక్షించండి. సెలవుల్లో ఇంటికి పట్టుకుపోనివ్వకుండా, నకలు తీసి విభాగం గ్రంథాలయంలో ఒకటి, రాష్ట్ర పురావస్తు శాఖలో ఒకటి ఎవరైనా అడిగి చూడగలిగేలా ఉంచండి. తవ్విన ప్రతి సీజనుకూ ఐదేళ్లలోపు అచ్చు నివేదిక రాకపోతే అదే చోట కొత్త ట్రెంచి తెరవబోమని మీకు మీరే నియమం పెట్టుకోండి. హస్మత్‌పేటతో మొదలుపెట్టండి. అక్కడ మిగిలిన వలయాలను ఈ ఏడాది కొలవకపోతే, తర్వాత కొలవడానికి అవి ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.